తెర నల్లబడితే లాప్‌టాప్ పోయినట్టు కాదు



ధామన్కర్ నాకా చుట్టుపక్కల మన ఇళ్ళల్లో ఇప్పుడు లాప్‌టాప్ కూడా ఒక పనిముట్టే. పిల్లల చదువు, కార్ఖానా లెక్కలు, జీఎస్టీ రిటర్నులు అన్నీ అందులోనే. అందుకే తెర నల్లబడితే గుండె జారిపోతుంది. దుకాణంలో "బోర్డు పోయింది" అంటే అడిగినంత ఇచ్చి వస్తున్నాం. ఈ పద్ధతి మారాలి.

సాంచా ఆగితే ముందు పోగు తెగిందేమో చూస్తాం, కండె అయిపోయిందేమో చూస్తాం. మోటరు దాకా చివరికి పోతాం. లాప్‌టాప్‌కూ అదే వరస.

ముందు క్యాప్స్ లాక్ నొక్కండి. దాని లైటు వెలిగి ఆరుతుంటే లోపల మిషన్ నడుస్తున్నట్టే. విండోస్ అయితే విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగు కీలూ కలిపి నొక్కండి, డిస్‌ప్లే డ్రైవర్ మళ్ళీ మొదలవుతుంది. అయినా రాకపోతే పవర్ బటన్ నొక్కిపట్టి ఆపండి. ఛార్జర్ తీసి, బటన్ మరో అర నిమిషం నొక్కిపట్టి, మళ్ళీ ఆన్ చేయండి. సేవ్ చేయని పని మాత్రం పోతుంది.

ఇంకా నలుపేనా? చీకట్లో తెర మీద ఫోన్ టార్చి ఏటవాలుగా వేయండి. బొమ్మ లీలగా కనిపిస్తే బ్యాక్‌లైట్ సమస్య. హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి కలపండి. టీవీలో బొమ్మ వస్తే బోర్డు చాలావరకు బాగున్నట్టే. తప్పు తెరదో, మూత మడత దగ్గర నలిగే కేబుల్‌దో అయి ఉంటుంది.

మన ఊళ్ళో దూది నూగు ఇంకో శత్రువు. అది ఫ్యాన్ దారి మూసేస్తే మిషన్ వేడెక్కి ఆగిపోతుంది. కార్ఖానాలో వాడేవాళ్ళు అప్పుడప్పుడు శుభ్రం చేయించాలి. అడుగుభాగం ఉబ్బితే మాత్రం అది బ్యాటరీ కావచ్చు. ఛార్జింగ్ ఆపి వెంటనే చూపించండి.

ఒక మాట గట్టిగా చెబుతున్నా. మన ఫైళ్ళు ఉండేది డిస్కులో. తెర మార్చడానికి ఫార్మాట్ అక్కర్లేదు. చేస్తామంటే ఎందుకని అడగండి.

రిపేరు చేసేవాళ్ళంతా మోసగాళ్ళని నేననను. పరీక్షించి, తప్పు చూపించి బాగుచేసేవారికి వారి కూలి ఇవ్వాల్సిందే. కూలి విలువ మనకంటే ఎవరికి తెలుసు?

మన సంఘంలో ఇంజనీరింగ్, ఐటీఐ చదివే పిల్లలున్నారు. ఆదివారం హాల్లో ఒక బల్ల, ఒక మానిటర్, ఒక కేబుల్ పెడదాం. విప్పడం వద్దు, తప్పు ఎక్కడుందో చెబితే చాలు. సాంచాల మీద పనిచేసే తల్లిదండ్రులు అప్పు చేసి కొన్న లాప్‌టాప్ అది. తెర నల్లబడిందని వాళ్ళ బిడ్డ పరీక్ష ఫారం గడువు దాటిపోకూడదు. కమిటీ పెద్దలు వచ్చే మీటింగులో ఈ విషయం చర్చకు పెట్టాలని కోరుతున్నాను.