ఆటల పెట్టె: నలుగురికీ సరిపోయే ఆట ఏది?

సెలవులు దగ్గరపడేసరికి ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో చాలా భాగం ఒకే ప్రశ్న అడుగుతాయి: "అన్ని ఆటలలోకీ మంచి ఆట ఏది?" ఈసారి ఒక పాఠకురాలు మాత్రం కాస్త వివరంగా రాసింది. వాళ్ళ ఇంట్లో నలుగురు ఆడతారు: 14 ఏళ్ళ అన్న, 11 ఏళ్ళ తను, 6 ఏళ్ళ చెల్లెలు, అమ్మమ్మ. నాన్న ఇచ్చిన డబ్బు ఒక్క ఆటకే సరిపోతుంది. పోయిన సెలవులలో చదరంగం కొన్నారట. వారం తిరిగేసరికి చెల్లెలు, "నేను ఆడను, ఎప్పుడూ అన్నయ్యే గెలుస్తాడు," అని గోడవైపు తిరిగి కూర్చున్నదట. ఇప్పుడు ఏ ఆట తీసినా ఆ పిల్ల దగ్గరికి రావటం లేదు.

ఇది చిన్న విషయమేమీ కాదు. ఆరేళ్ళప్పుడు "నాకు ఆటలు రావు" అని మనసులో పెట్టుకున్న పిల్ల పదేళ్ళు వచ్చాక కూడా అదే అనుకోవచ్చు. అందుచేత మంచి ఆట ఏది అని అడగబోయే ముందు, ఆ చాప మీద కూర్చునేవాళ్ళు ఎవరెవరు అని అడగాలి. వాళ్ళను తలచుకుని ప్రతి ఆటనూ మూడు ప్రశ్నలు వెయ్యండి. ఇందులో అదృష్టం పాలు ఎంత, తెలివి పాలు ఎంత? ఆట మధ్యలో ఎవరైనా ఓడిపోయి ఊరికే కూర్చోవలసివస్తుందా? తన వంతు మళ్ళీ రావటానికి ఎంతసేపు ఆగాలి?

వైకుంఠపాళినే తీసుకోండి. పాచిక ఎంత చెబితే అంత జరపటమే. ఏ కాయ జరపాలి, ఎటు జరపాలి అన్న ఆలోచన అక్కర్లేదు. కనక ఆరేళ్ళ చెల్లెలికీ, అమ్మమ్మకూ, అన్నకూ గెలిచే అవకాశం సరిసమానం. ఈ ఆట 19వ శతాబ్దం చివర మన దేశం నుంచి ఇంగ్లండు వెళ్ళింది. 1943లో అమెరికాలో ఒక కంపెనీ పాములను తీసేసి, జారుడుబల్లలు పెట్టి అమ్మింది. పాము నోట్లో పడే భయం పోయాక ఇక అందులో ఏం రుచి మిగిలిందో! నాలుగైదేళ్ళవాళ్ళకు అంకెలు నేర్పటానికి ఇంతకన్న మంచి పటం లేదు. కాని 14 ఏళ్ళ అన్న రెండు ఆటలు కాగానే ఆవలిస్తాడు. అతణ్ణి తప్పుపట్టలేము. ఆడేది పాచిక గాని అతను కాడు గదా!

దీనికి పూర్తిగా ఎదురు కొసన చదరంగం ఉన్నది. అందులో అదృష్టానికి చోటే లేదు. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో, 15 ఏళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయ్యారంటే అది పూర్తిగా ఆవిడ ఎత్తుల బలమే. ఆ కారణం చేతనే వయసులో ఇంత తేడా ఉన్న ఇద్దరు ఆడితే ఫలితం ముందే తెలిసిపోతుంది. ఒక మార్గం ఉన్నది: అన్న తన మంత్రిని ముందే తీసి పక్కన పెట్టి ఆడవచ్చు. పూర్వం పెద్దపెద్ద ఆటగాళ్ళు కూడా తమకన్న బలహీనులతో ఇలాగే ఒక బలం తగ్గించుకుని ఆడేవారు. అయినా అది ఇద్దరి ఆట. మిగిలిన ఇద్దరూ చూస్తూ కూర్చోవాలి.

పులి-మేక కూడా ఇద్దరి ఆటే గాని, ఇందులో ఒక విచిత్రం ఉన్నది. చదరంగంలో ఇరుపక్షాల బలమూ ఒకటే. ఇక్కడ ఒకరికి 3 పులులు, రెండోవారికి 15 మేకలు. పటం నేల మీద సుద్దముక్కతో గీసుకోవచ్చు. గీతలు కలిసే చోట్లు పైనుంచి కిందికి 1, 6, 6, 6, 4. మొత్తం 23 రావాలి, రాకపోతే పటం తప్పు. మేకలు ఒక్కొక్కటిగా దిగుతాయి. పదిహేనూ దిగిందాకా ఏ మేకా కదలరాదు. పక్కనున్న మేక అవతల ఖాళీ ఉంటే పులి దాన్ని దాటి దూకి చంపేస్తుంది. మేకలు పులులను కదలకుండా కట్టేస్తే మేకలదే గెలుపు. కొత్తగా ఆడేవాళ్ళకు పులులే సులభం, ఎందుకంటే దూకే చోటు కంటికి కనబడుతుంది. మేకలను కాయటానికి ఓర్పు కావాలి. కనక చెల్లెలికి పులులిచ్చి, అన్న మేకలు తీసుకోవాలి. ఇద్దరూ సమానంగా ఆడేవాళ్ళయితే ఒకసారి పులులు, ఒకసారి మేకలు మార్చుకుని, ఎవరి పులులు ఎక్కువ మేకలను చంపాయో లెక్కవేసుకోవాలి. ఒక్క ఆటతో తేల్చటం న్యాయం కాదు.

అంగడిలో రంగురంగుల పెట్టెలో దొరికే వ్యాపారం ఆట సంగతేమిటి అని అన్న అడుగుతాడు, నాకు తెలుసు. ఊళ్ళు కొనటం, అద్దెలు వసూలు చెయ్యటం బాగానే ఉంటుంది. దీనికి మూలమైన ఆటకు 1904లో ఎలిజబెత్ మాగీ అనే అమెరికా వనిత పేటెంటు పొందింది. నేల సొంతదారులు అద్దెల మీద ఎలా బలుస్తారో, మిగిలినవాళ్ళు ఎలా చితికిపోతారో చూపటం ఆమె ఉద్దేశం! 1935లో ఒక కంపెనీ "మొనాపలీ" పేరుతో దాన్ని మార్చి అమ్మింది. అందులో చితికిపోవటం మాత్రం అలాగే ఉండిపోయింది. ముందుగా దివాలా తీసినవాడు మిగిలినవాళ్ళ ఆట ముగిసిందాకా ఊరికే కూర్చోవాలి. ఆ మొదటివాడు ఎవరవుతారో మీరే ఊహించండి. ఇంట్లో ఆ పెట్టె ఇదివరకే ఉంటే, గంట కొట్టగానే ఆట ఆపి, ఎవరి దగ్గర ఎంత ఆస్తి ఉన్నదో లెక్కపెట్టుకోండి.

ఈ నలుగురికీ నేను చెప్పే ఆట అష్టాచెమ్మా. దీనికి కొనవలసింది ఏమీ లేదు. నేల మీద అయిదుకు అయిదు, 25 గళ్ళు. ఒక్కొక్కరికి 4 కాయలు. ఒక పక్క అరగదీసిన 4 చింతగింజలు. ఎన్ని గింజలు తెలుపు పైకి పడితే అన్ని గళ్ళు. నాలుగూ తెలుపైతే చెమ్మా, అంటే 4. నాలుగూ నలుపైతే అష్టా, అంటే 8. గింజలు వెయ్యటం అదృష్టం. నాలుగు కాయలలో దేన్ని జరపాలన్నది తెలివి. చెల్లెలికి అష్టా పడితే అన్న తెలివి కాసేపు పనిచెయ్యదు. తన కాయలు పండిందాకా ఎవరూ ఆట విడిచి కూర్చోనక్కర్లేదు. ఒక వంతు పావు నిమిషంలో అయిపోతుంది. చంపిన కాయను మొదటికి పంపేటప్పుడు చెల్లెలి కళ్ళలో నీళ్ళు తిరగవచ్చు. ఆ పిల్లవి ఒకటి రెండు కాయలు కొట్టరాదని ముందే ఒప్పందం చేసుకోండి. కొట్లాట వచ్చాక చేసుకునే ఒప్పందం నిలవదు.

ఇక లెక్క చూడండి. ఒక్కొక్క గింజ రెండు విధాల పడవచ్చు కనక 4 గింజలు 2×2×2×2, అంటే 16 విధాల పడతాయి. వాటిలో ఒక్క తెలుపు 4 విధాలు, రెండు 6, మూడు 4, చెమ్మా 1, అష్టా 1. అన్నీ కూడి 16తో భాగిస్తే సగటున ఒక పందానికి రెండున్నర గళ్ళు. ఒక కాయ పండటానికి 24 గళ్ళు నడవాలి: బయటి వరసలో 15, లోపలి వరసలో 8, నడిమి గడి 1. నాలుగు కాయలకు 96. దాన్ని రెండున్నరతో భాగిస్తే మనిషికి సుమారు 38 పందాలు, నలుగురికీ 150కి పైన. పందానికి పావు నిమిషం చొప్పున 40 నిమిషాలు. కాయలు చచ్చినకొద్దీ ఇంకా ఎక్కువ. అంతసేపు కూర్చోలేకపోతే మనిషికి 2 కాయలతోనే ఆడండి, సగం కాలంలో ముగుస్తుంది.

కాని గింజ నిజంగా సగంసార్లు తెలుపు, సగంసార్లు నలుపు పడుతుందా? అరగదీసిన పక్క చదును, రెండో పక్క గుండ్రం. అది గింజను బట్టి, అరగదీసిన తీరును బట్టి ఉంటుంది. నాలుగు గింజలను 160 సార్లు వేసి కాగితం మీద గుర్తు పెట్టండి. సమానంగా పడే గింజలైతే అష్టా 10 సార్లకు, రెండు 60 సార్లకు దగ్గరగా రావాలి. మీ అమ్మమ్మ గింజలు అష్టాలు మరీ ఎక్కువగా వేస్తుంటే, ఆవిడ ఎందుకు ఎప్పుడూ ఆ గింజలే తెమ్మంటుందో తెలిసిపోతుంది.

మరి నాన్న ఇచ్చిన డబ్బు? ఇప్పుడే ఖర్చుపెట్టవద్దు, దాచండి. చెల్లెలికి పదేళ్ళు వచ్చాక "కటాన్" కొనవచ్చు. అది 1995లో జర్మనీలో వెలువడి, ఆ యేడు అక్కడి ఉత్తమమైన ఆటగా బహుమతి పొందింది. ముగ్గురు, నలుగురు ఆడవచ్చు. అందులో ఎవరు పాచికలు వేసినా, ఆ అంకె ఉన్న నేలను ఆనుకుని ఊరు కట్టుకున్నవాళ్ళందరికీ సరుకు వస్తుంది; తన వంతు కానప్పుడు కూడా చెయ్యి ఖాళీగా ఉండదు. రెండు పాచికలు పడే 36 విధాలలో 7 ఆరు విధాల వస్తుంది, 12 ఒకే విధంగా వస్తుంది. చింతగింజల లెక్క పట్టుబడిన పిల్లకు ఏ అంకె పక్కన ఊరు కట్టాలో వేరే చెప్పనక్కర్లేదు.

160 పందాల లెక్క కాగితాలు పంపేవాళ్ళు గింజలు ఏ పక్క ఎంత అరగదీశారో కూడా రాయండి. గవ్వలతో వేసినవాళ్ళు గవ్వలని రాయండి. రెండూ పక్కపక్కన అచ్చువేసి చూద్దాం.