మీటర్ కాదు, క్యాలెండర్ చూడండి

రెండేళ్ళ క్రితం సెకండ్‌హ్యాండ్ కారు కొనడానికి బయల్దేరినప్పుడు నేనడిగిన మొదటి ప్రశ్న "ఎంత తిరిగింది?" అని. మనలో ఎవరైనా ముందు అడిగేది అదే కదా! ఒకే రేటులో రెండు కార్లు దొరికాయి. ఒకటి తొమ్మిదేళ్ళది, 28 వేల కిలోమీటర్లే తిరిగింది. రెండోది ఆరేళ్ళది, 82 వేలు తిరిగింది. ఎగిరి గంతేసి మొదటిది కొనేశా. రెండోది మా ఆఫీసు మిత్రుడు కొన్నాడు. "ట్యాక్సీ కొన్నావేంట్రా?" అని తెగ ఏడిపించాను.

ఇప్పుడు నవ్వడం వాడి వంతు. మొదటి ఏడాదిలోనే టైర్లు, బ్యాటరీ, సస్పెన్షన్ బుష్‌లు, కూలెంట్ పైపులు అన్నీ కలిపి నాకు 52 వేలు వదిలింది. వాడికి క్లచ్, బ్రేక్ ప్యాడ్లు, సర్వీసులు కలిపినా 30 వేలు దాటలేదు.

తర్వాత అర్థమయిందేమిటంటే, కారు రెండు రకాలుగా అరుగుతుంది. క్లచ్, బ్రేక్ ప్యాడ్లు, టైరు గాడి తిరిగితే అరుగుతాయి. రబ్బరు, బ్యాటరీ ఊరికే నిలబెట్టినా పాడవుతాయి. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటూనే ఉంటుంది. టైమింగ్ బెల్టుకి కూడా "ఇన్ని కిలోమీటర్లు లేదా ఇన్నేళ్ళు, ఏది ముందైతే అది" అనే రాసుంటుంది. ఆ రెండో సగం మనం చదవం.

పైగా తొమ్మిదేళ్ళలో 28 వేలంటే రోజుకి తొమ్మిది కిలోమీటర్లు కూడా లేదు. ఇంజన్ సరిగ్గా వేడెక్కకముందే ఆపేస్తుంటే తేమ, పెట్రోలు ఆయిల్లో చేరతాయి, బ్యాటరీ పూర్తిగా చార్జవదు. తొమ్మిదేళ్ళుగా ఎవరూ ముట్టుకోని కోడ్ చూసి "అబ్బ, ఎంత కొత్తగా ఉందో" అని మనం మురిసిపోతామా? కారు దగ్గరికొచ్చేసరికి మాత్రం మురిసిపోతాం!

కిలోమీటర్లు అసలు లెక్కలోకి రావని కాదు. కాకపోతే మీటర్ని వెనక్కి తిప్పేవాళ్ళున్నారు, ఆర్‌సీ మీద తేదీని తిప్పడం అంత తేలిక కాదు. ఆ ఆర్‌సీ కూడా మొదట 15 ఏళ్ళకే. ఆ తర్వాత మళ్ళీ తనిఖీ, రెన్యువల్. అంటే నేను కొన్నరోజుకే నాకు మిగిలింది ఆరేళ్ళు.

అందుకే నా మటుకు నేను చెప్పేది: ముందు వయసు, తర్వాత సర్వీసు రికార్డు, ఆఖర్న మీటరు. టైరు పక్కన చివరి నాలుగంకెలు కూడా చూడండి. 2318 అని ఉంటే అది 2018లో 23వ వారంలో తయారైనట్టు. గాడి ఎంత లోతుగా ఉన్నా అది ముసలి టైరే.

తక్కువ తిరిగిందని ఎక్కువ రేటు పెట్టేముందు, ఆ తేడా డబ్బు రిపేర్లకి దాచుకుంటే మంచిదని నా అనుభవం. మీరేమంటారు?