దుబాయి ఎంత దూరం?



"అయ్యగారూ, దుబాయి ఎంత దూరం?" అని మా సంఘంలో ఒక తల్లి అడిగింది. ఆ తెల్లవారుజామున ఐదింటికే ఆమె భర్త కన్నుమూశాడు. ఒక్కగానొక్క కొడుకు దుబాయిలో పనిచేస్తున్నాడు. "నాలుగు గంటల విమానమే కదమ్మా, సాయంత్రానికి వస్తాడు" అన్నాను. భూస్థాపన ఐదింటికని ఊళ్లో చెప్పించిందీ నేనే. ఐదు దాటింది, చీకటి పడింది. ఊళ్లో ఐసు పెట్టె లేదు. పెద్దలు ఇక ఆగలేమన్నారు. కొడుకు మరునాడు ఉదయం ఎనిమిదింటికి వచ్చాడు. అతణ్ణి నేరుగా సమాధి దగ్గరకే తీసుకుపోయాము. ఆ తప్పు నాదే.

తరువాత అతనితోనే కూర్చొని లెక్క వేశాను. హైదరాబాదు నుండి దుబాయికి ఆకాశమార్గాన సుమారు 2,550 కిలోమీటర్లు. నాలుగు గంటలంటే విమానం నేల విడిచింది మొదలు మళ్లీ నేల తాకే వరకే. కబురు అందేసరికి అక్కడ రాత్రి మూడున్నర. ఆఫీసు తెరిచి సెలవు చేతికొచ్చేసరికి మధ్యాహ్నమైంది. పగటి విమానంలో సీటు లేదు. రాత్రి పదింటిది దొరికింది. విమానం ఎక్కడానికి మూడు గంటల ముందే అక్కడ ఉండాలి. శంషాబాదులో దిగి, తనిఖీలు ముగించి, పెట్టె తీసుకొని బయటపడేసరికి తెల్లవారుజామున నాలుగు. అక్కడి నుండి వరంగల్ దగ్గరి మా ఊరికి రోడ్డున మరో 150 కిలోమీటర్ల పైమాటే. మొత్తం ఇరవై ఏడు గంటలు!

ఇంకొక చిక్కు గడియారంతో. టికెట్టు మీద దిగే సమయం, దిగే ఊరి గడియారం ప్రకారం వేస్తారు. దుబాయి మనకంటే గంటన్నర వెనుక. మన దగ్గర తెల్లవారుజామున నాలుగింటికి లేచిన విమానం అక్కడ ఆరున్నరకు దిగుతుంది. చూసేవారికి రెండున్నర గంటలే అనిపిస్తుంది. వచ్చేటప్పుడు రాత్రి పదింటికి ఎక్కితే ఇక్కడ మూడింటికి దిగుతారు. ఐదు గంటలనిపిస్తుంది, గాలిలో ఉన్నది మాత్రం మూడున్నరే. పైన పడమటి నుండి తూర్పుకు వీచే బలమైన గాలి వెనుక నుండి తోస్తుంది గనుక రాక కాస్త త్వరగా ముగుస్తుంది.

అమెరికా సంగతి వేరు. చికాగో 13 వేల కిలోమీటర్లకు పైమాటే. మధ్యలో విమానం మారి, అక్కడి ఇంటి గుమ్మం నుండి ఇక్కడి ఇంటి గుమ్మానికి రావడానికి రెండు రోజులు వేసుకోవడమే మేలు. (1835లో బోస్టనులో ఓడ ఎక్కిన మిషనరీ శామ్యూల్ డే దంపతులు మన దేశం చేరింది 1836లో. వారి ఇంట్లో ఎవరైనా పోతే కబురు అందడానికే నెలలు పట్టేది.)

మన మామునూరులో నిజాము కాలపు విమానాశ్రయం 1981లో మూతపడింది. దాన్ని మళ్లీ తెరవడానికి 2025లో కేంద్రం అనుమతిచ్చింది. అది తెరుచుకున్నా గల్ఫు విమానాలు అక్కడికి వస్తాయని ఇప్పుడే ఆశ పెట్టుకోకండి.

పిల్లలు దూరదేశంలో ఉన్న ఇళ్లవారు ఒక కాగితం రాసి ఉంచండి. పాస్‌పోర్టు గడువు ఎప్పటివరకు, సెలవు ఎవరిని అడగాలి, అర్ధరాత్రయినా టికెట్టు కొని పంపగలవారెవరు, ఐసు పెట్టె ఎక్కడ దొరుకుతుంది. ఇవి బ్రతికుండగా మాట్లాడే మాటలా అని ముసలివారు కోప్పడవచ్చు. కోప్పడనివ్వండి.

మొన్న ఇలాగే మరో ఇంట్లో జరిగినప్పుడు హన్మకొండ నుండి ఐసు పెట్టె తెప్పించి, భూస్థాపన మరునాడు పదకొండింటికని చెప్పించాను. కొడుకు తొమ్మిదింటికి వచ్చాడు. రెండు గంటలు తండ్రి పక్కనే కూర్చున్నాడు.