చిక్కిన దేహమునకు తగిన ఆహారము

చిక్కిపోయిన బిడ్డకు నేతి రొట్టెలు దండిగా పెట్టుడనుట పెద్దల వాడుక. సీలియాక్ వ్యాధి గలవారికి ఆ ప్రేమయే కీడు. గోధుమ, బార్లీలలోని గ్లూటెన్ వలన వారి చిన్నప్రేవుల లోపొర చెడి, తిన్నది ఒంటబట్టదు. గోధుమయే కారణమని హాలండు శిశువైద్యుడు డికె 1950లో తన సిద్ధాంతగ్రంథమున చూపెను.

రక్తపరీక్షకు ముందు గోధుమ మానరాదు. మానినచో వ్యాధి మరుగుపడవచ్చును. నిర్ధారణ పిమ్మట జన్మమంతయు విడువవలెను. అన్నము, జొన్న, రాగి, పప్పు, గ్రుడ్డు, వేరుసెనగ కొలదికొలదిగా పలుమారులు తినినచో, ప్రేవు మానుకొలది బరువు పెరుగును. పాలు కొందరికి మొదట పడకపోవచ్చును. జొన్నలను గోధుమ ఆడించిన మరలో ఆడింపరాదు. ఇంగువలో సైతము తరచు గోధుమపిండి కలుపుదురు సుమా!

వ్యాధికన్న నేనెక్కువ వెరచునది, పెండ్లి పంక్తిలో "ఒక్క పూరీకేమగును" అని బలవంతపెట్టు బంధువులకే. ఆ ఒక్కటియు మానుచున్న ప్రేవును మరల చెరుపగలదు.