ఎదురు డబ్బిచ్చే సినిమా

ఎన్నికలొచ్చాయంటే చాలు, నాకు ముందుగా గుర్తొచ్చేది నాయకులు కాదు. మా ఊరి మైకు రిక్షా!

మాది ఏలూరు పార్లమెంటు కిందికొచ్చే చిన్న ఊరు. ఊళ్ళో ఉన్న ఒక్క టూరింగ్ టాకీసుకీ, పోటీ చేసే పార్టీలన్నిటికీ కలిపి ఒకటే రిక్షా, ఒకటే మైకు, ఒకటే గొంతు. పొద్దున్న "మీ అమూల్యమైన ఓటు" అని అరిచిన మనిషే సాయంత్రం "నేడే చూడండి" అని అరిచేవాడు. ఓ రోజు ఎండదెబ్బకో, మరి దేని దెబ్బకో గాని, రెండూ కలిపేశాడు. "మీ పవిత్రమైన ఓటును... నేడే చూడండి, రోజూ రెండు ఆటలు!" వీధి వీధంతా ఘొల్లుమంది. ఇన్నేళ్ళ తరవాత ఆలోచిస్తే, పాపం, ఆయన పెద్ద తప్పేం చెప్పలేదనిపిస్తోంది.

ఎందుకంటే మన దగ్గర సినిమాకీ ఎన్నికలకీ ఉన్న చుట్టరికం ఈనాటిది కాదు. జగ్గయ్యగారు 1967లోనే ఒంగోలు నుంచి లోక్‌సభకి వెళ్ళారు. ఇక రామారావుగారి సంగతి చెప్పేదేముంది? 1982 మార్చి 29న పార్టీ పెట్టి, ఏడాది తిరక్కుండా 1983 జనవరి 9న ముఖ్యమంత్రిగా ప్రమాణ స్వీకారం చేశారు. కొన్ని సినిమాలు సెన్సారు కావడానికే అంతకన్నా ఎక్కువ కాలం పడుతుంది!

అప్పుడు నాకు పన్నెండేళ్ళు. చైతన్య రథం మా దారిన వస్తుందని తెలిసి మా అమ్మ హారతి పళ్ళెం పట్టుకుని రోడ్డు మీద మూడు గంటలు నిలబడింది. రథం వచ్చింది, హారతీ ఇచ్చింది. కళ్ళనీళ్ళు పెట్టుకుని ఇంటికొచ్చి, "సాక్షాత్తూ కృష్ణుణ్ణి చూశాన్రా" అంది. ఆ తరవాత కళ్ళు తుడుచుకుని బిందె తీసుకుని రెండు వీధుల అవతలి కుళాయికి బయల్దేరింది. మా వీధిలో కుళాయి లేదు మరి!

* * *

మా ఇంట్లో ఓ చిక్కుండేది. అమ్మకి కృష్ణుడంటే రామారావు. నాకు కృష్ణ అంటే సూపర్ స్టార్ కృష్ణ. 1986లో "సింహాసనం" వస్తే, తెలుగులో మొదటి 70 ఎం.ఎం. సినిమా కదా, నాలుగుసార్లు చూశాను. ఐదోసారికి అమ్మ పోపుల డబ్బాలో చెయ్యి పెట్టి దొరికిపోయాను. అది వేరే కథ లెండి.

అసలు కథ 1989లో వచ్చింది. ఆ ఏడాది మార్చి నుంచి ఓటు వయసు ఇరవై ఒకటి నుంచి పద్ధెనిమిదికి దిగింది. నాకప్పుడు పందొమ్మిది. నవంబరులో ఎన్నికలు. నా జన్మకి మొదటి ఓటు. ఏలూరు పార్లమెంటుకి నిలబడిందెవరయ్యా అంటే... సాక్షాత్తూ మా కృష్ణ! ఇక చూస్కోండి నా వీరంగం. గోడల మీద రాతలు నేనే, కాగితం తోరణాలు నేనే, జీపు వెనక పరుగులూ నేనే. ఆయన గెలిచారు. ఏలూరు దాకా ఊరేగింపు చూడ్డానికి వెళ్ళాను. దేని మీదనుకున్నారు? సైకిలు మీద! అవతలి పార్టీ గుర్తు తొక్కుకుంటూ ఇవతలి పార్టీ ఊరేగింపుకి పోయినవాణ్ణి నేనొక్కణ్ణే అయివుంటాను.

అదే ఎన్నికల్లో అమ్మ కృష్ణుడు హిందూపురంలో గెలిచి, కల్వకుర్తిలో ఓడిపోయారు. ప్రభుత్వమూ పోయింది. అమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. నేను మటుకు ఇల్లంతా ఈల వేసుకుంటూ తిరిగాను. ఆ వయసు అలాంటిది.

తెల్లారి చూద్దును కదా, అమ్మ బిందెతో గుమ్మంలో నిలబడి ఉంది.

"ఒరే నాన్నా, నీ కృష్ణా బంగారమే, నా కృష్ణుడూ బంగారమే. బిందె మటుకు మన చంకలోనే ఉంది. ఇవాళ నువ్వు పట్రా" అంది.

పట్టుకొచ్చాను. మొదటి ఓటు వేసిన వీరుణ్ణి, రెండు వీధులు బిందె మోసేసరికి భుజం దిగిపోయింది. అమ్మ అప్పటికి ఇరవై ఏళ్ళ నించి మోస్తోంది.

ఇంతకీ మా వీధికి కుళాయి ఎప్పుడొచ్చిందో తెలుసా? ఏ హీరో గెలిచినప్పుడూ కాదు, ఏ హీరో ఓడినప్పుడూ కాదు. ఆ తరవాత కొన్నేళ్ళకి, వీధిలో ఆడవాళ్ళందరూ ఖాళీ బిందెలు రోడ్డుకి అడ్డంగా పేర్చి ఓ పగలంతా కూర్చుంటే వచ్చింది. ముందు వరసలో మా అమ్మ. "కుళాయి సంగతి ఢిల్లీ వెళ్ళినవాణ్ణి అడిగితే ఏం లాభంరా? మన వార్డులో తిరిగేవాణ్ణి అడగాలి" అంది. ఏ చదువూ లేని మా అమ్మ చెప్పిన పౌరశాస్త్రం అది. నా కాలేజీ పుస్తకంలో ఆ ముక్క ఉందో లేదో నాకు గుర్తులేదు!

* * *

ఇదంతా విని "అంటే హీరోలు రాజకీయాల్లోకి రాకూడదా?" అని మీరు నా మీదికి రావచ్చు. అమ్మమ్మ, నేనలా అన్లేదు. వస్తే రానివ్వండి, నచ్చితే ఓటెయ్యండి. మన జనం మీరనుకున్నంత అమాయకులు కారు. 1989లో గెలిపించిన మా కృష్ణనే 1991లో ఇంటికి పంపారు. 2009లో చిరంజీవిని తిరుపతి గెలిపించింది, సొంత జిల్లాలోని పాలకొల్లు ఓడించింది. పవన్ కళ్యాణ్ 2019లో రెండుచోట్ల నిలబడి రెండుచోట్లా ఓడారు. 2024లో ఆయన పార్టీ నిలబడ్డ 21 అసెంబ్లీ సీట్లూ గెలిచింది. జనం ఒకటే, ఈలలూ ఒకటే. తీర్పు మాత్రం ఏ ఆటకి ఆ ఆటే!

* * *

ఇక అసలు విషయం. చెప్పుకోడానికి కాస్త సిగ్గుగా ఉంది, అయినా చెప్తాను.

2024 మే నెల. మండే ఎండలు. హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్న మావాడు ఓటెయ్యడానికి వస్తున్నాడు. బస్సులన్నీ కిక్కిరిసిపోయి, టిక్కెట్టు ధర చూస్తే కళ్ళు తిరిగాయి. ఇంట్లో గ్యాసు బండ కూడా అప్పుడే అయిపోయింది. అదిగో, సరిగ్గా ఆ రాత్రి ఓ కుర్రాడు వచ్చి తలుపు కొట్టాడు. ఏ పార్టీ అని అడక్కండి, చెప్పను. మా వీధి కుర్రాడే, చిన్నప్పుడు నా భుజాలెక్కి ఆడుకున్నవాడు. "బాబాయ్, మీ ఇంట్లో నాలుగు ఓట్లు" అంటూ ఓ కవరు నా చేతిలో పెట్టి, కాగితంలో టిక్కు పెట్టుకున్నాడు. ఓటుకి రెండు వేలు.

నేను వద్దనలేదు. నిజం చెప్తున్నాను, వద్దనలేదు. అందరూ తీసుకుంటున్నారు కదా, మన ఓటు మనిష్టం కదా అనుకుని క్యాలెండరు వెనక పెట్టాను.

అమ్మకి ఎనభై రెండేళ్ళు. కళ్ళు మసకే గాని, క్యాలెండరు వెనక ఏముందో మటుకు కనిపిస్తుంది. పొద్దున్నే పిలిచింది.

"ఒరేయ్, సినిమాకి టిక్కెట్టు ఎంతరా ఇప్పుడు?"

"రెండొందల దాకా ఉందమ్మా."

"మూడు గంటల సినిమాకి నువ్వు రెండొందలు ఎదురిచ్చి చూస్తావు. బావుందంటే బ్లాకులో కూడా కొంటావు. మరి ఓ హాలువాడు నీ ఇంటికొచ్చి, ఎదురు రెండు వేలు నీ చేతిలో పెట్టి, మా సినిమాకి రావయ్యా బాబూ, ఐదేళ్ళ దాకా మధ్యలో లేవకూడదు అన్నాడనుకో... ఆ సినిమా ఎలా ఉంటుందో నీకు తెలీదూ?"

నా నోట మాట రాలేదు. యాభై ఏళ్ళుగా సినిమాలు చూస్తున్నాను, ఇంత మంచి డైలాగు ఏ రచయితా నాకు వినిపించలేదు. తీసుకోవడం కూడా ఇవ్వడంతో సమానమైన నేరమేనని నాకు తెలుసు. కాని చట్టం తెలిసినా రాని సిగ్గు, అమ్మ మాటకి వచ్చింది.

కవరు వెనక్కివ్వడానికి వెళ్తే ఆ కుర్రాడు హడిలిపోయాడు. "బాబాయ్, టిక్కు పెట్టేశాను. ఇప్పుడు నేనే తినేశాననుకుంటారు!" అన్నాడు. బతిమాలి అతని జేబులో పెట్టి వచ్చాను. అది మళ్ళీ ఎవరి క్యాలెండరు వెనక్కి చేరిందో నాకు తెలీదు. మా వీధేదో బాగుపడిపోయిందని చెప్పడం లేదు. మా గోడ మాత్రం శుభ్రంగా ఉంది. గ్యాసు బండకి అప్పు చేశాను.

మే 13న పోలింగు. ఇంటి దగ్గరే ఓటేసే వీలు 85 దాటినవాళ్ళకి. అమ్మకింకా మూడేళ్ళు తక్కువ. ఆటోలో తీసుకెళ్ళాం. మావాడు నాయనమ్మ చెయ్యి పట్టుకుని నడిపించాడు. లోపలికి మటుకు ఎవర్నీ రానివ్వలేదు. పక్కన పేపరు ముక్క ఏడు సెకన్లు కనిపిస్తుందని ముందే చెప్పి ఉంచాం గనక, అది చూసేదాకా అక్కణ్ణించి కదల్లేదట!

బయటికొచ్చాక, సిరా చుక్క పెట్టిన వేలు ఎండకి అడ్డంగా నుదుటి మీద పెట్టుకుని నిలబడింది. ఉండబట్టలేక అడిగాను.

"ఎవరికేశావమ్మా?"

"కథ ముందే చెప్పేస్తే ఇంకేం చూస్తావురా?" అంది.

ఇవాళ్టికీ చెప్పలేదు!