బోటు కదలాలో వద్దో చెప్పాల్సింది టిక్కెట్లమ్మేవాళ్ళు కాదు

పిల్లాపాపలతో పాపికొండలకు బయల్దేరే కుటుంబాలకూ, గోదావరి రేవుల్లో అధికారం చేతిలో ఉన్న పెద్దలకూ రాస్తున్న కరపత్రం.

కార్తీకమాసంలోనో సంక్రాంతి సెలవుల్లోనో గండిపోశమ్మ గుడి దగ్గర బోటెక్కి, పేరంటాలపల్లిలో దిగి శివుణ్ణి చూసుకుని, కొల్లూరు ఇసుకతిన్నె మీద వెదురు కుటీరాల్లో ఒక రాత్రి గడిపి రావడం మన మధ్యతరగతి ఇళ్ళకు అందే గొప్ప సుఖాల్లో ఒకటి. అటూ ఇటూ కొండలు, మధ్యలో నింపాదిగా సాగే బోటు, రాత్రి చలిమంట, బొంగులో ఉడికిన కోడికూర. ఫోనుకు సిగ్నలు అందక పిల్లలు పెద్దవాళ్ళతో మాటల్లో పడతారు, ఇది టిక్కెట్టులో రాయని లాభం. భద్రాచలం వైపు నుంచి వచ్చేవాళ్ళు పోచవరంలో ఎక్కినా చూసేది ఈ కొండల్నే, ఈ నీటినే.

ఈ యాత్ర మానుకోమని మేము చెప్పడం లేదు, నిషేధించమని అడగడం లేదు. ప్రమాదం జరిగిన వారం నిషేధం, జనం మరిచిపోగానే మళ్ళీ అనుమతి అనే ఈ వరస చాలాసార్లు చూశాం. దానివల్ల బోటు నడిపేవాళ్ళకు పని పోతోంది, ఎక్కేవాళ్ళకు భద్రత మాత్రం రావడం లేదు. మేము అడిగేది ఒక్కటే. ఫలానా రోజు బోటు కదలాలా వద్దా అనే నిర్ణయం, ఆ బోటు కదిలితే డబ్బు వచ్చేవాళ్ళ చేతిలో ఉండకూడదు.

2019 సెప్టెంబర్ 15, ఆదివారం. దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగింది. ఎంతమంది ఎక్కారో మొదట ఒక లెక్క చెప్పారు, తర్వాత ఇంకొకటి చెప్పారు. చివరికి 77 మంది అని తేలింది. అందులో 51 మంది పోయారు. మిగిలిన 26 మందిలో ఎక్కువమందిని గట్టుకు చేర్చింది నాటుపడవలేసుకుని పరుగెత్తుకొచ్చిన ఆ ఊరి గిరిజనులు. బోటును పైకి తేవడానికి అక్టోబర్ 22 దాకా పట్టింది. అదీ కాకినాడ నుంచి మునిగిన పడవలు వెలికితీసే ధర్మాడి సత్యం బృందం వచ్చి ఇనుప తాళ్ళతో, లంగర్లతో రోజుల తరబడి వెతికి లాగితేనే. పైకొచ్చిన బోటు లోపల కూడా మృతదేహాలున్నాయి.

ఈ కథంతా అందరికీ తెలుసు. ఒక అంకె గురించి మాత్రం ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. ఆ రోజు గోదావరిలో ప్రవాహం 5 లక్షల క్యూసెక్కుల ప్రాంతంలో ఉంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక జారీ చేసేది నీరు 11.75 అడుగులకు చేరినప్పుడు, అంటే ప్రవాహం సుమారు 10 లక్షల క్యూసెక్కులైనప్పుడు. ఆ రోజున్నది దానిలో సగం. ఆ హెచ్చరికలు పెట్టింది గట్టు మీది ఊళ్ళ కోసం, లంకల కోసం, పంటల కోసం. ఏ మట్టానికి ఏ ఊరు ఖాళీ చేయించాలో అవి చక్కగా చెబుతాయి. పాపికొండల ఇరుకులో బోటు తిరగవచ్చా అన్న ప్రశ్నకు వాటిలో జవాబు లేదు.

రాజమండ్రి దగ్గర కిలోమీటర్ల వెడల్పున పరుచుకునే నది ఈ కొండల మధ్య కొన్నిచోట్ల రెండు మూడు వందల మీటర్లకు కుంచించుకుపోతుంది. అదే నీరు ఇరుకులోంచి పోవాలి కాబట్టి లోతూ ఉరవడీ పెరుగుతాయి, మలుపుల్లో రాతికి కొట్టుకుని సుళ్ళు తిరుగుతుంది. బ్యారేజీ దగ్గర మామూలుగా కనిపించే ప్రవాహం కచ్చులూరు మలుపులో ఇంజను బలాన్ని మించిపోవచ్చు. అందుకే బోట్లకు వేరే అంకె కావాలి. దాన్ని ఈ ఇరుకులోనే కొలవాలి. ప్రతి రేవులో తెలుగులో, దూరం నుంచి కనపడేంత పెద్ద అక్షరాలతో బోర్డు మీద రాయాలి. నేటి నీటిమట్టం ఇంత, బోటు ఆగాల్సిన మట్టం ఇంత. బడికెళ్ళే పిల్ల కూడా రెండూ చదివి, నాన్నా ఇవాళ వద్దు అనగలగాలి.

నీటిమట్టం ఒక్కటే చూస్తే చాలదు. 2018 మే 15న మంటూరు దగ్గర కొండమొదలు నుంచి వస్తున్న లాంచీ మునిగి ఇరవై మంది దాకా చనిపోయినప్పుడు గోదావరికి వరద లేదు, ఈదురుగాలి వచ్చింది. వానజల్లు పడుతోందని తలుపులు వేసుకున్నవాళ్ళు లోపలే చిక్కుకుపోయారు. వాళ్ళు పర్యాటకులు కాదు, ఆ నది మీదే రోజూ రాకపోకలు చేసే జనం. కాబట్టి వేసవి సాయంత్రాల గాలి హెచ్చరిక కూడా ఆ బోర్డు మీద ఉండాలి, మూసిన అద్దాల గదిలో మనుషుల్ని కూర్చోబెట్టి నది దాటించే అలవాటూ పోవాలి. ఏసీ హాలు అని గొప్పగా అమ్ముతున్న కింది అంతస్తుకు తప్పించుకునే దారి ఎన్ని వైపులుందో చూడకుండా అనుమతి ఇవ్వడం మాకు అర్థం కాని సంగతి.

కచ్చులూరు తర్వాత రాష్ట్రంలో 9 చోట్ల బోటింగ్ కంట్రోల్ రూములు పెట్టాలని ప్రభుత్వం నిర్ణయించింది. మంచి ఆలోచన. 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో కొత్త అంతర్గత జల నౌకల చట్టం వచ్చింది. దాని ప్రకారం ఇంజను బోటుకు రిజిస్ట్రేషనుండాలి, తనిఖీ జరగాలి, నడిపేవాడికి అర్హతపత్రం ఉండాలి, బీమా ఉండాలి. అంటే కాగితం మీద కొరత లేదు. కంట్రోల్ రూములోని మనిషి వద్దన్నప్పుడు ఆ మాట చెల్లుతుందా లేదా అన్నదే అసలు సంగతి. బయట వంద కార్లు ఆగి ఉంటాయి, హైదరాబాదు నుంచి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన జనం ఉంటారు, ఫోన్లు మోగుతుంటాయి. అప్పుడు చిన్న ఉద్యోగి మాట నిలబడాలంటే నిర్ణయం అతని ఇష్టాయిష్టాల మీద కాక బోర్డు మీది అంకె మీద ఆధారపడాలి. అంకె దాటితే బోటు ఆగుతుంది, ఎవరి సిఫారసుతోనూ కదలదు.

బోటు నడిపే సరంగు సంగతి ఇంకా కష్టం. నీళ్ళ రంగు చూసి, నురగ చూసి ఇవాళ బాగాలేదని అతనికి అందరికంటే ముందు తెలుస్తుంది. అతని కూలి ఆ ట్రిప్పు మీదే ఆధారపడి ఉంటే నోరెలా విప్పుతాడు? బోటు ఆగిన రోజు కూడా సరంగుకూ సిబ్బందికీ కూలి ముట్టే ఏర్పాటు అనుమతి షరతుల్లోనే ఉండాలి. ఆగిన ట్రిప్పు టిక్కెట్టు డబ్బు పూర్తిగా వాపసు ఇవ్వాలి, లేదా ఇంకో రోజుకు మార్చాలి. అప్పులు చేసి బోట్లు కట్టామని, సీజను నాలుగు నెలలేనని యజమానులంటారు. నిజమే, కానీ ఒక్క ప్రమాదంతో ఈ నది మీద బోట్లన్నీ ఆగిపోయి వాళ్ళు పోగొట్టుకున్న సీజన్లతో పోలిస్తే ఏడాదిలో కొన్ని రోజులు ఆగడం ఎంత నష్టం?

ఇక మనమూ చేయాల్సింది ఉంది. హెల్మెట్‌ను బండి హ్యాండిల్‌కు తగిలించుకున్నట్టే మనవాళ్ళు లైఫ్ జాకెట్‌ను సీటు మీద పెట్టుకుని కూర్చుంటారు. ఉక్కపోస్తుందని, ఫోటోలో బాగుండదని విప్పేస్తారు. అమెరికాలో కొడుకు దగ్గరికి వెళ్ళి గ్రాండ్ టీటన్ కొండల కింద స్నేక్ నదిలో తెప్ప ఎక్కినప్పుడు మాత్రం ఇదే పెద్దలు గైడు చెప్పినట్టు జాకెట్టు బిగించుకుని కిమ్మనకుండా కూర్చుంటారు. అక్కడ తొడుక్కున్నవాళ్ళకు ఇక్కడ మాత్రం ఉక్కపోస్తుందా? పిల్లల విషయంలో మరీ జాగ్రత్త. పెద్దవాళ్ళ జాకెట్టు పిల్లకు తొడిగితే నీళ్ళలో జాకెట్టు పైకి తేలుతుంది, పిల్ల కిందికి జారుతుంది. బిగించాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. గడ్డం, చెవులు లోపలికి పోతే అది ఆ పిల్లది కాదు. పిల్లల సైజు జాకెట్లు చాలినన్ని లేని బోటుకు పిల్లల టిక్కెట్లు అమ్మే హక్కు లేదని మా వాదన.

రాత్రి బస గురించి ఎవరూ పట్టించుకోరు. కొల్లూరులో ఆకాశం నిండా నక్షత్రాలున్నా ఎగువన ఛత్తీస్‌గఢ్‌లో కురిసిన వాన ఇంద్రావతి, శబరి మీదుగా ఈ గోదావరిలోకే వస్తుంది. శబరి కలిసే కూనవరం ఎంతో దూరం లేదు. భద్రాచలం దగ్గర మట్టం పెరుగుతున్న సంగతి అధికారులకు గంట గంటకూ తెలుస్తూనే ఉంటుంది. అది ఫోను పలకని ఇసుకతిన్నె మీద నిద్రపోతున్న కుటుంబానికి ఎలా చేరుతుంది? ప్రతి బసలో వైర్‌లెస్ సెట్టు, రాత్రంతా మేలుకుని ఉండే మనిషి, పడుకున్నవాళ్ళందరి పేర్ల జాబితా ఉండాలి. ఆ జాబితా నకలు రేవులోనూ ఉండాలి. చంటిపిల్లలకు టిక్కెట్టు లేదని పేరు రాయకపోవడం ఇక చాలు.

ఆ మేలుకునే మనిషి ఇక్కడి గిరిజనుడు, కొండరెడ్డో కోయో అయితే ఇంకా మంచిది. ఏ మలుపులో నీరు ఎప్పుడు ఎలా తిరుగుతుందో వాళ్ళకు పుట్టుకతో తెలుసు. పేరంటాలపల్లిలో వాళ్ళు చేసిన వెదురుబొమ్మలు బేరమాడి కొనుక్కుని వచ్చేస్తాం, ఆపదలో దూకి కాపాడితే చప్పట్లు కొడతాం. వాళ్ళకు జీతమిచ్చి, శిక్షణ ఇచ్చి, రక్షణ పడవలిచ్చి నదిలో ప్రమాదం జరిగే చోట్ల కాపలా ఉంచడం దానికంటే మర్యాద. ఖర్చు ఎక్కడిదంటారా, ప్రతి టిక్కెట్టు మీదా కొద్ది రుసుము వేయండి, సంతోషంగా కడతాం.

కాబట్టి ఈ సీజనులో బోటెక్కేముందు అయ్యలూ, అమ్మలూ, మూడు మాటలు అడగండి. ఇవాళ నీటిమట్టమెంత, మా పిల్లకు సరిపడే జాకెట్టేది, జాబితాలో మా అందరి పేర్లూ రాశారా? సరైన జవాబు రాకపోతే ఎక్కకండి, టిక్కెట్టు డబ్బు వాపసు అడగండి. పక్క కుటుంబానికీ చెప్పండి. ఈ కరపత్రం చదివాక చింపి పారేయకుండా ఇంకొకరి చేతిలో పెట్టండి.

ఇట్లు,
గోదావరి మీద తిరిగే మీలాంటి కుటుంబీకులు