వేసవిలో గడప దాటకుండా బడికి చందాలు



కిందటి వారం మెక్సికో మామిడికాయలతో ఆవకాయ పెట్టుకోవడం గురించి రాశాను కదా. ఈ వారం వంటింటి సంగతి కొంచెమే, బడి సంగతి ఎక్కువ. "మా చెల్లెలు డల్లాసులో ఉంటుంది. వేసవి వచ్చిందంటే చాలు, మా వాడి స్కూలుకి చందా లింకు పంపించాను చూశావా అక్కా అని ఒకటే ఫోన్లు. అంతంత జీతాలొచ్చే దేశంలో బడికి చందాలేమిటండీ?" అని ఒకావిడ అడిగారు. ఇక్కడికొచ్చిన కొత్తలో నాకూ అదే అనుమానం.

ఇక్కడ గవర్నమెంటు బళ్ళలో చదువుకు ఫీజు లేదు. టీచర్ల జీతాలు, గదులు, కరెంటు అన్నీ స్కూలు డిస్ట్రిక్టు చూసుకుంటుంది. కానీ ఫుట్‌బాలు, బ్యాండు, సంగీతం లాంటివాటికయ్యే పైఖర్చులన్నీ అది భరించదు. బ్యాండంటే మన పెళ్ళిళ్ళలో వాయించే పదిమంది అనుకునేరు. మా అమ్మాయి బడిలో నూట ఇరవై మంది పిల్లలు మైదానంలో వాయిస్తూ, వరసలు మార్చుకుంటూ నడవాలి. బస్సులు, ప్రత్యేకంగా వచ్చి నేర్పేవాళ్ళు, యూనిఫారాల ఉతుకుళ్ళు, వాయిద్యాలు మోసే లారీ అద్దె, ఎండలో మంచినీళ్ళు, ఐసు, ఎన్ని ఖర్చులో! ఇందుకోసం తల్లిదండ్రులు కూడి పెట్టుకునే సంఘాన్ని బూస్టర్ క్లబ్ అంటారు. మొదటిసారి ఆ మాట విని, పిల్లలకి పాలల్లో పొడి కలిపి ఇచ్చే సంఘమేమో అనుకున్నాను. మావారు ఇప్పటికీ ఆ మాట చెప్పి నవ్విస్తుంటారు.

చిక్కంతా వేసవిలోనే. మా వైపు బడి మే ఆఖరుకు మూసి ఆగస్టు మధ్యలో తెరుస్తారు. బ్యాండు పిల్లల శిక్షణ మాత్రం జూలై చివర్లోనే మొదలవుతుంది. ఫుట్‌బాలు ఆటల దగ్గర తినుబండారాల కొట్టు మీద వచ్చే డబ్బు ఆగస్టు ఆఖరుకు గానీ చేతికి రాదు. అంటే ఖర్చు ముందు, రాబడి వెనక. పోనీ కార్లు కడిగి సంపాదిద్దామంటే టెక్సాస్ ఎండ నూరు డిగ్రీలు దాటుతుంది, మన లెక్కలో 38. ఇంటింటికీ తిరుగుదామంటే సగం ఇళ్ళకి తాళాలు. మనవాళ్ళయితే పిల్లల్ని వెంటబెట్టుకుని ఇండియా ప్రయాణం. అందుకని ఫోన్లో, కంప్యూటర్లో జరిగిపోయే చందాలే గతి.

2024 వేసవికి మా క్లబ్బుకి ఎనిమిది వేల డాలర్లు తక్కువ పడ్డాయి. ఆ పని చూడమని నన్నూ ఇంకో ఇద్దరు తల్లుల్నీ వేశారు. నేను చదివింది ఇంటర్ దాకా, నా ఇంగ్లీషు సంగతి మీకు తెలిసిందే. అయినా మీటింగులో ధైర్యం చేసి లేచాను. "ఎవరు ఎంత చందా తెస్తే అంత వాళ్ళ పిల్లల ఫీజులో తగ్గిద్దాం. అప్పుడు అందరూ కష్టపడతారు" అన్నాను. చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చి మావారికి గొప్పగా చెప్పుకున్నాను కూడా.

రెండు రోజులకి డ్రమ్ము వాయించే ఒక పిల్లవాడి తల్లి ఫోన్ చేసింది. ఒంటరి మనిషి, రాత్రి డ్యూటీలు చేస్తుంది. "మీరు చెప్పిన పద్ధతి మంచిదే. కానీ నాకు అడగడానికి చుట్టాలు లేరు, తిరగడానికి టైము లేదు. మా వాణ్ణి ఈ ఏడు మాన్పించేస్తాను. డ్రమ్ము ఎవరికి అప్పజెప్పాలి?" అని మర్యాదగానే అడిగింది. నాకు నోట మాట రాలేదు. మా అమ్మాయి విని, "అమ్మా, మేమందరం అడుగేసేది డ్రమ్ము విని. అది ఆగితే అందరి అడుగూ తప్పుతుంది" అంది. ఆ రాత్రి నాకు సరిగా నిద్రపట్టలేదు.

మర్నాడు మా క్లబ్బు డబ్బు లెక్కలు చూసే పెద్దావిడ నన్ను పక్కకి పిలిచింది. నేను చెప్పిన పద్ధతి మనసుకే కాదు, చట్టానికీ తప్పేనట! బూస్టర్ క్లబ్బు ధర్మసంస్థగా నమోదై ఉంటే దానికి పన్ను ఉండదు, ఇచ్చేవాళ్ళకీ పన్నులో మినహాయింపు దొరకచ్చు. కానీ ఆ డబ్బు అందరు పిల్లలకీ వాడాలి, తెచ్చినవాళ్ళ పిల్లలకే కాదు. వర్జీనియాలో కాపిటల్ జిమ్నాస్టిక్స్ బూస్టర్ క్లబ్ అని ఒకటి, అమ్మినవాళ్ళకి పాయింట్లు వేసి వాళ్ళ ఖర్చులోనే తగ్గించేది. ఆ కారణంగా దానికి పన్ను మినహాయింపు పోయింది. 2013లో టాక్స్ కోర్టు కూడా ఆ రద్దు సరైనదే అంది.

ఆలోచిస్తే ఇది మనకి కొత్తదేమీ కాదు. శ్రీరామనవమి పందిట్లో నూటపదహార్లు రాసినవాళ్ళూ, ఐదు రూపాయలు వేసినవాళ్ళూ, ఏమీ వెయ్యలేనివాళ్ళూ ఒకే బంతిలో కూర్చుని తింటారు. చందా పుస్తకం చూసి విస్తరి వెయ్యం కదా! మళ్ళీ మీటింగులో లేచి, నా మాట వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. చెప్పొద్దూ, మొదటిసారి లేచినప్పటికంటే కాళ్ళు ఎక్కువ వణికాయి. ఆ తరవాత ఆ తల్లికి ఫోన్ చేసి క్షమించమన్నాను.

ఇక మేం చేసినవి చెబుతాను. అమెరికాలో ఉన్న మీ అమ్మాయిలకీ, ఆడపడుచులకీ చెప్పండి.

1. క్యాలెండరు చందా. నెలలో ఒక్కో తారీఖునీ ఒక్కొక్కరు తీసుకుంటారు. ఒకటో తారీఖుకి ఒక డాలరు, ముప్ఫయ్యొకటికి ముప్ఫయ్యొక్క డాలర్లు. జూలై గళ్ళన్నీ నిండితే ఒక్క క్యాలెండరు మీద 496 డాలర్లు. అమ్మేది లేదు, మోసేది లేదు. క్యాలెండరు బొమ్మని వాట్సాప్‌లో పంపి, నిండిన గడి కొట్టేయడమే. ఒక చిట్కా: కార్డు మీద ఇస్తే చాలాచోట్ల సుమారు 3 శాతం, దానిపైన ఇంకో 30 సెంట్లు ఫీజు పోతుంది. డాలరు ఇస్తే అందులో 33 సెంట్లు ఫీజుకే! అందుకని ఒకటి నుంచి ఐదు తారీఖులు కలిపి ఒకరికే ఇవ్వండి. పదిహేను డాలర్లు ఒకేసారి వస్తే ఫీజు 75 సెంట్లే. విడివిడిగా ఐదుగురు ఇస్తే రెండు డాలర్ల దాకా పోయేది.

2. సాధన చందా. పిల్లలు సెలవుల్లో ఇంట్లో ఇన్ని గంటలు వాయిస్తామని చెబితే, అమ్మమ్మలూ మామయ్యలూ గంటకింత అని ఒప్పుకుంటారు. తల్లి రోజూ కాగితం మీద గంట రాసి సంతకం పెట్టాలి. డబ్బు సంగతి అలా ఉంచండి, మా అమ్మాయి క్లారినెట్ వేసవంతా పెట్టెలోనే ఉండిపోకుండా చేసింది ఇదే. మంచి ఎండలో, ఏసీ గదిలో, అదే పాట నలభైసార్లు విన్న నా చెవుల సంగతి అడక్కండి.

3. చెయ్యని వంటల అమ్మకం. కేకులు చేసి అమ్మడం ఇక్కడ మామూలు. దానికి బదులు "ఈసారి పొయ్యి వెలిగించకండి, పిండికీ వెన్నకీ అయ్యే ఖర్చు మాకు పంపించండి" అని ఉత్తరం రాయడం. నవ్వుకుంటూ ఇస్తారు.

4. వీడియోలో వంట క్లాసు. ఇది నా నెత్తిన పడింది. మనిషి ఇంటికి పదిహేను డాలర్లు, ఇరవై ఆరు ఇళ్ళవాళ్ళు చేరారు. ఏం నేర్పాలా అని తెగ ఆలోచించాను. గుత్తివంకాయ అయితే గంటన్నర, గోంగూర అందరికీ దొరకదు. చివరికి నిమ్మకాయ పులిహోర. మూడు రోజుల ముందే సరుకుల జాబితా పంపాలి, అన్నం ముందే వండి చల్లార్చుకోమనాలి. ఎవరికి ఏది పడదో తప్పకుండా అడగాలి. ఇక్కడ వేరుశనగపప్పు పడని పిల్లలు ఉంటారు, అది చిన్న విషయం కాదు. అందుకని పల్లీలు మానేసి శనగపప్పు, మినప్పప్పుతో పోపు పెట్టించాను. కొలత ఇదీ: రెండు కప్పుల బియ్యం అన్నానికి మూడు నిమ్మకాయల రసం, అర టీస్పూను పసుపు, నాలుగు టేబుల్ స్పూన్ల నూనె, ఉప్పు, పచ్చిమిర్చి వాళ్ళ ఓపికని బట్టి. రసం మాత్రం పొయ్యి కట్టేశాకే కలపాలి, లేకపోతే చేదెక్కుతుంది. కెమెరా నా మొహం మీద కాదు, బాణలి మీద పెట్టమన్నాను. దాంతో సగం భయం పోయింది. ఆవాలు చిటపటమన్నప్పుడు ఇరవై ఆరు ఇళ్ళలోంచీ కేకలు!

5. ఆఫీసు జోడింపు. ఇక్కడి పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలు చాలావాటిలో, ఉద్యోగి ఒక ధర్మసంస్థకి వంద ఇస్తే కంపెనీ ఇంకో వంద కలుపుతుంది. కొన్ని కంపెనీలు ఉద్యోగి ఊరికే సేవ చేసిన గంటలకి కూడా డబ్బిస్తాయి. మనవాళ్ళ భర్తల్లో ఎక్కువమంది అక్కడే కదా పనిచేసేది! కానీ ఫారం నింపరు. మావారి వెంటపడి నింపించేసరికి నాకు పదిరోజులు పట్టింది. క్లబ్బు ముందుగా ఆ కంపెనీ జాబితాలో ఉందో లేదో చూసుకోవాలి. అమెజాన్ వాళ్ళ స్మైల్ పథకం గురించి ఇంకా అడుగుతుంటారు. అది 2023 ఫిబ్రవరిలోనే ఆగిపోయింది.

పాప్‌కార్ను, బిస్కట్లు ఆన్‌లైనులో అమ్మించే కంపెనీలూ ఉన్నాయి. సులువే గానీ, కొన్ని అమ్మకంలో సగం దాకా తామే ఉంచుకుంటాయి. నలభై డాలర్లు ఇచ్చిన అత్తగారికి, అందులో ఇరవయ్యే బడికి చేరిందని తెలిస్తే బాగుండదు. ముందే అడిగి తెలుసుకోవాలి. లాటరీ టిక్కెట్ల జోలికి మాత్రం ఆ రాష్ట్రం చట్టం చూడకుండా వెళ్ళకూడదు.

జాగ్రత్తలు కూడా చెప్పాలి. పిల్లల పూర్తి పేరు, ఫొటో, బడి పేరు కలిపి అందరూ చూసే లింకులో పెట్టకండి. తెలిసినవాళ్ళకే పంపండి. డబ్బు క్లబ్బు ఖాతాలోకే వెళ్ళాలి, మన సొంత ఖాతాలోకి ఒక్కరోజు కూడా రాకూడదు. బ్యాంకు స్టేట్‌మెంటు నెలకోసారి ఇద్దరు చూడాలి. నమ్మకం లేక కాదు, రేపు ఎవరూ మాట పడకుండా. 250 డాలర్లు, ఆ పైన ఇచ్చినవాళ్ళకి పన్ను లెక్కకి రసీదు కావాలి, గుర్తుపెట్టుకోండి. ముఖ్యంగా, ఎవరు ఎంత తెచ్చారన్న జాబితా పిల్లల ముందు చదవకండి.

మా లెక్క ఎలా తేలిందంటారా? తొమ్మిది క్యాలెండర్లు నిండుగా నిండి 4,464 డాలర్లు, సగం సగం నిండినవి కలిపి 2,210, వంట క్లాసు 390, ఆఫీసుల జోడింపు 1,500. ఫీజులు పోను 8,200 దాటింది. ఎవరి పిల్లకీ విడిగా తగ్గించలేదు, అందరి ఫీజులోనూ అందరికీ సమానంగా తగ్గింది. రాత్రి డ్యూటీల తల్లి ఒక్క క్యాలెండరు గడి కూడా నింపలేకపోయింది. కానీ శిక్షణ మొదలైన రోజు పొద్దున్న ఏడింటికి, డ్యూటీ దిగి అటునుంచి అటే వచ్చి, రెండు గంటలసేపు పిల్లలకి ఐసు నీళ్ళు అందించింది. నేను పక్కనే కప్పులు పేరుస్తున్నాను. ఇద్దరం ఎక్కువ మాట్లాడుకోలేదు. వాళ్ళబ్బాయి డ్రమ్ము మాత్రం బాగా వినిపించింది.

మీ ఊరి బడికో, గుడికో ఇలా ఇంట్లో కూర్చుని చందా పోగుచేసిన అనుభవం ఉంటే రాయండి. పై వారం పెరుగు గట్టిగా తోడుకోవడానికి ఏసీ ఇంట్లో పడే తంటాల గురించి చెప్పుకుందాం. అంతవరకూ సెలవు.